మునస్వామి కాలు

ఎనభై అయిదులో నేను ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాను. అప్పటికి కుప్పంలో నాకు మందుల షాపు ఉంది. రైలు దిగినవాళ్లను పల్లెలకు చేరవేస్తూ కారును బాడుగకు తిప్పవచ్చని ఆశపడ్డాను. కారు వల్ల నాకు కలిగిన లాభం అంతంత మాత్రమే. కానీ దాని వల్లే మునస్వామి అనే మనిషి తెలిశాడు. అతని కథలో కొంత అతడే చెప్పాడు, కొంత నేను దగ్గరుండి చూశాను.

మునస్వామిది కురబలకోట పక్కన ఒక పల్లె. తల్లిదండ్రులిద్దరూ రెడ్ల చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆ కూలివాడలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఇతడే. మదనపల్లెలో లారీల మీద కొన్నేళ్లు పనిచేసి లైసెన్సు సంపాదించాడు. అరవై ఎనిమిదిలో పుంగనూరులో నూనె మిల్లు ఉన్న రెడ్డెప్ప కొత్త అంబాసిడర్ కొని డ్రైవరు కోసం చూస్తుంటే, ఎవరో ఇతని పేరు చెప్పారు. రెడ్డెప్ప కారు వెనక సీట్లో కూర్చుని మదనపల్లె దాకా వెళ్లి వచ్చాడు. దిగేటప్పుడు, "కడుపులో నీళ్లు కదల్లేదురా" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు, అన్నేళ్ల తరవాత కూడా, మునస్వామి కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఏడేళ్లు ఆ కారును తన ఒంటిలా చూసుకున్నాడు. ఏ గేరులో ఎంత మూలుగుతుందో, వానలో ఏ తలుపు బిగుసుకుంటుందో అన్నీ తెలుసు. ఊళ్లో ఖాకీ చొక్కా వేసుకుని నడుస్తుంటే అతని భార్య తిమ్మక్క వాకిట్లో నిలబడి చూసేది. చెప్పులు విప్పి రెడ్డెప్ప వాకిట్లో అడుగుపెట్టేవాడే అయినా, కారులో మాత్రం ముందు సీటు అతనిది. రెడ్డెప్ప అతని భుజం మీదుగానే రోడ్డు చూడాలి.

డెబ్భై అయిదు ఎండాకాలంలో మునస్వామి తండ్రి చనిపోయాడు. అయిదు రోజులు ఊళ్లో ఉండి తిరిగి వచ్చాడు. వచ్చిన రోజే రెడ్డెప్పను మదనపల్లెకు తీసుకుపోతూ, ఒక మలుపు ముందర బ్రేకు తొక్కాడు. పెడలు కాలిని ఎదురు తన్నింది. పెద్దగా కాదు, అడుగున ఎవరో వేలితో టకటకా కొట్టినట్టు. స్టీరింగు కూడా చేతుల్లో సన్నగా అదిరింది. వేగం తగ్గేసరికి ఆగిపోయింది.

"సామీ, బ్రేకు తొక్కితే కాలి కింద ఏందో కొట్టుకుంటాండాది. నేను లేనప్పుడు బండి యాడికన్నా పోయిందా?" అని అడిగాడు.

"మా వెంకటేశులు చిత్తూరు దాకా పోయొచ్చినాడు. వాడేమీ చెప్పలేదే" అన్నాడు రెడ్డెప్ప.

వెంకటేశులు రెడ్డెప్ప తమ్ముడు. అప్పుడప్పుడు సరదాకు కారు తీసేవాడు. మునస్వామి అతణ్ణి కూడా అడిగాడు. "నాకేమీ కొట్టుకోలేదు. బండి బంగారంగా ఉండింది" అన్నాడతను.

కారును మదనపల్లెలో శంకరప్ప షెడ్డుకు తీసుకుపోయారు. శంకరప్ప చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పి, లోపల రాసుకుని అరిగే లైనింగులు మార్చి, మళ్లీ బిగించాడు. వారానికే మళ్లీ అదే. రెండోసారి కూడా లైనింగులు మార్చాడు. మూడోసారి తానే కారు నడిపి చూస్తానన్నాడు. బజారు వీధిలో, తోపుడు బండ్ల మధ్య, నడిచే మనిషి వేగంతో పోయి వచ్చాడు. ఆ వేగంలో ఏమీ తెలియదు. రోడ్డు మీద నలభైలో పోతున్నప్పుడు తొక్కితేనే తెలిసేది. ఆ మాట చెప్పబోయాడు మునస్వామి. రెడ్డెప్ప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు బాగుచేసిన బండి బాగుకాలేదని ఒప్పుకోవడం శంకరప్పకు ఇష్టం లేదు.

"బండిలో ఏమీ లేదు రెడ్డీ. వణికేది బ్రేకు గాదు. నీ డ్రైవరు కాలు" అన్నాడు.

రెడ్డెప్ప మునస్వామిని తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "తాగుతాండావేమిరా?"

"లేదు సామీ. నేను తాగనని మీకు తెల్సు గదా."

"చేతులు గూడా వణుకుతాండాయంటివే. స్టీరింగులో తెలుస్తాదంటివి."

"స్టీరింగే అదురుతాంది సామీ, నా చేతులు గాదు."

"మీ నాయిన పోయినప్పట్నించి నువ్వొక తీరుగా ఉండావు. పోయి డాక్టరుకు చూపించుకో" అని లేచాడు రెడ్డెప్ప.

ఆసుపత్రిలో డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. ఏమీ లేదు, బలానికి మాత్రలు వేసుకో అన్నాడు. ఏమీ లేకపోతే మాత్రలు ఎందుకిచ్చాడని మునస్వామికి అనుమానం వచ్చింది. అక్కడి నుంచి అతని మనసు చెడిపోవడం మొదలైంది. ఇంట్లో కూర్చున్నా కాలు వైపే చూసుకునేవాడు. అన్నం తింటూ చూసేవాడు.

ఒక మధ్యాహ్నం తిమ్మక్క ఆ చూపు భరించలేక, "యాల అట్లా నలుగుతావు? ఇప్పుడే సూద్దాం ఉండు" అంది. అతణ్ణి గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, కుడి పాదం పైన నిండుగా నీళ్లున్న ఇత్తడి చెంబు పెట్టి పట్టుకోకుండా వదిలింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. చెంబులో నీళ్లు సన్నగా కదిలాయి. అంచు దాకా వచ్చి ఒక చుక్క కారింది.

తిమ్మక్క చెంబు తీసి పక్కన పెట్టింది. ఆ రోజు నుంచి దేవుళ్లకు మొక్కుకోవడం మొదలుపెట్టింది. మునస్వామి తన కాలు నిజంగానే వణుకుతోందని నమ్మాడు.

ఆ నమ్మకమే అతని కొంప ముంచింది. డెబ్భై ఆరులో కుప్పంలో ఎవరిదో గృహప్రవేశం ఉంటే రెడ్డెప్ప, అతని తల్లి సుబ్బలక్ష్మమ్మ కారులో బయలుదేరారు. వి.కోట దాటాక రోడ్డు పల్లంలోకి దిగే చోట ఒక ఎద్దులబండి అడ్డం తిరిగింది. మునస్వామి బ్రేకు తొక్కాడు. పెడలు టకటకా ఎదురు తన్నింది. మామూలుగా అయితే ఆ అదురు మీదే తొక్కి పట్టుకుని ఆపేవాడు. బండి బాగానే ఆగేది. కానీ ఆ క్షణంలో, ఇది నా కాలే, సరిగ్గా పెట్టలేదు అనుకున్నాడు. కాలు తీసి మళ్లీ పెట్టాడు.

అంతే. ఎద్దులను తప్పించబోయి కారు రోడ్డు దిగి మట్టికట్టను కొట్టుకుంది. రెడ్డెప్పకు నుదురు పగిలింది. సుబ్బలక్ష్మమ్మకు చెయ్యి విరిగింది. మునస్వామికి గీత కూడా పడలేదు. అది ఇంకా పెద్ద తప్పయింది.

ఎవరూ కేసు పెట్టలేదు, కొట్టలేదు. రెడ్డెప్ప తాళంచెవులు తీసుకుని, "నీ కాలు సంగతి ముందే తెలిసి గూడా పెట్టుకుంటి చూడు, నాదీ తప్పు" అన్నాడు. ఆ మాటనే తరవాత మిల్లులో, మదనపల్లె మండీలో, పలకరించడానికి వచ్చిన ప్రతివాడితోనూ అన్నాడు. నెల తిరిగేసరికి మదనపల్లె, పుంగనూరు డ్రైవర్లందరికీ మునస్వామి కాలు గురించి తెలిసిపోయింది. లారీ ఓనర్ల దగ్గరికి పోతే కూర్చోమనేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు, మాట్లాడుతూ అతని పాదం వైపు చూసేవాళ్లు. ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే తానే భయపడేవాణ్ణేమో అన్నాడు నాతో. లైసెన్సు గడువు తీరితే మళ్లీ రాయించుకోలేదు.

ఎనిమిదేళ్లు మదనపల్లె మార్కెట్లో టమోటా గంపలు లారీలకెక్కించాడు. కూలికి పోనని ఒకప్పుడు తండ్రితో పోట్లాడి ఊరు వదిలినవాడు, నలభై దాటాక కూలికే వచ్చాడు. ఖాకీ చొక్కాలు చిరిగిపోయేదాకా బరువుల కింద వేసుకున్నాడు. గంప ఎక్కించి దిగుతుంటే లారీ డ్రైవర్లు, "పదిలమప్పా, కాలు" అని నవ్వేవాళ్లు. కొందరు నిజంగానే జాలితో అనేవాళ్లు. ఎనభై నాలుగులో తిమ్మక్క తమ్ముడు కుప్పంలో ఉంటూ రమ్మంటే ఇద్దరూ వచ్చేశారు. అక్కడ ఓబులేసు అనే మెకానిక్కు షెడ్డులో పని దొరికింది. విప్పిన సామాన్లను కిరసనాయిలులో కడిగి ఆరబెట్టే పని.

నేను కారు తీసుకుని ఆ షెడ్డుకు పోయింది మరుసటి ఏడు. రెడ్డెప్ప చేతి నుంచి మరో ఇద్దరి చేతులు మారి, రంగు కూడా మారి, పలమనేరు బ్రోకరు ద్వారా అది నాకు వచ్చింది. కొన్న దగ్గర్నుంచీ నాకొక బాధ ఉండేది. ఓబులేసుకు చెప్పుకున్నాను.

"బ్రేకు తొక్కితే కాలు వణుకుతోందప్పా. నాకే నరాల బలహీనత వచ్చిందేమోనని నా షాపులో మాత్రలే వేసుకుంటున్నాను."

మూలన సామాన్లు కడుగుతున్న మనిషి చెయ్యి ఆగింది. నెంబరు చూసి కారును గుర్తుపట్టాడట. గుర్తుపట్టి, మొహం అటు తిప్పుకుని పని చేసుకుంటున్నాడు. నా మాట విని లేచి వచ్చాడు. చేతుల నుంచి కిరసనాయిలు కారుతోంది.

"ఏమంటివి సామీ? ఇంగొకసారి చెప్పు."

చెప్పాను. అతడు ఓబులేసు వైపు తిరిగి, "అన్నా, నేను దీంట్లో ఒక తూరి పోయొస్తా. నడపను. పక్కన కూసుంటా" అన్నాడు. ఓబులేసు ఆశ్చర్యంగా చూసి సరేనన్నాడు.

వి.కోట రోడ్డులో నన్ను నలభై దాకా పోనిమ్మన్నాడు. తర్వాత మెల్లగా బ్రేకు తొక్కమన్నాడు. నా కాలు అదిరింది. స్టీరింగు అదిరింది. అతడు నా కాలు చూడలేదు. ముందున్న రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు బ్రేకు తొక్కకుండా అదే స్పీడులో పో."

అదురు లేదు.

"చక్రాల్లో ఏమీ లేదు. ఉంటే ఇప్పుడు గూడా అదరాల. ఇంగ హ్యాండు బ్రేకు మెల్లంగా లాగు. అది ఎనక చక్రాలకే పడతాది."

లాగాను. కారు మెత్తగా నెమ్మదించింది. ఎక్కడా కదలిక లేదు.

"అయితే ముందరివే" అన్నాడు. "ఎనక్కి తిప్పు సామీ."

షెడ్డులో ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపించాడు. ఎడమ చక్రానికి బ్రేకు కొంచెం బిగించి చేత్తో తిప్పాడు. చుట్టూ ఒకే రాపిడి సమంగా వినిపించింది. కుడి చక్రం దగ్గరికి వచ్చి అలాగే బిగించి తిప్పాడు. సర్రుమని రాసుకుంది. తర్వాత చప్పుడు లేదు. మళ్లీ సర్రుమంది. మళ్లీ లేదు. ఎన్నిసార్లు తిప్పినా ఒక్క చోటే పట్టుకుంటోంది, మిగతా చోట వదిలేస్తోంది.

"డ్రమ్ము గుండ్రంగా లేదు" అన్నాడు. ఓబులేసును చూస్తూ కాదు, నన్ను చూస్తూ కాదు. "కోడిగుడ్డు మాదిరి అయిపోయింది."

డ్రమ్ము విప్పి పక్కనున్న ఇనుము చెక్కే లేతు మిషను షాపులో కొలిపించారు. ఒకవైపు కొలతకు, ఇంకోవైపు కొలతకు తేడా ఉంది. కంటికి కనిపించే తేడా కాదు. కాలికి తెలిసే తేడా. ఓబులేసు డ్రమ్మును వెలుతురులో తిప్పి చూసి, లోపలి నీలం మచ్చలు వేలితో రుద్దాడు.

"ఇది కాలిందప్పా. ఘాటులో దిగేటప్పుడు గేరు ఎయ్యకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఇట్లా కాలుతాది. ఎర్రగా కాలినప్పుడు పొగ చూసి బెదిరి ఎవురో నీళ్లు పోసినారు. సొట్టపోయింది."

పుంగనూరు నుంచి చిత్తూరు పోవాలంటే మొగిలి ఘాటు దిగాలి. మునస్వామి అక్కడే పాత టైరు మీద కూర్చుండిపోయాడు. అప్పుడు చెప్పాడు నాకు, ఇప్పటిదాకా నేను రాసిందంతా. చెబుతున్నంతసేపూ ఒక చేత్తో కుడి మోకాలు పట్టుకునే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి తిమ్మక్కకు చెప్పాడట. ఆమె నమ్మలేదు. "మరి ఆ పొద్దు నీళ్లు కదిలె గదా" అంది. ఇతడు ఆమెను కూర్చోబెట్టి, ఆమె పాదం మీద చెంబు పెట్టాడు. ఆమె కాలి మీద కూడా నీళ్లు కదిలాయి. ఎవరి కాలైనా కదులుతుంది, లోపల నెత్తురు కొట్టుకుంటూ ఉంటుంది కదా. తిమ్మక్క చెంబు తోసేసి ఏడ్చింది. "నేను గూడా నమ్మితినే" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమెను ఓదార్చాలనిపించలేదని నాతో చెప్పాడు. "రెడ్డి నమ్మకపోతే పోనీ సామీ. ఇది నా పక్కన ఉండేది గదా" అన్నాడు.

కొత్త డ్రమ్ము వేశాక కారు నెయ్యిలా ఆగింది. మునస్వామి పాత డ్రమ్మును గోనెసంచిలో చుట్టుకుని, పుంగనూరు పోతానన్నాడు. నేనే కారులో తీసుకుపోయాను. ఆ పెద్దమనిషి ఆ ఇనుపముక్కను చూస్తే ఏదో ఒకటి అంటాడని నాకూ ఆశగానే ఉండింది.

రెడ్డెప్పకు అప్పటికి డెబ్భై దగ్గర. నన్ను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. మునస్వామి కింద వాకిట్లో నిలబడ్డాడు. "బాగుండావా రా" అని పలకరించాడు రెడ్డెప్ప. కారును చూసి సంతోషపడ్డాడు కూడా. మునస్వామి సంచి విప్పి డ్రమ్మును మెట్టు మీద పెట్టాడు. చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను చెప్పాను, డ్రమ్ము ఇలా ఉంది, వేడికి కాలి సొట్టపోయింది అని.

"ఓ, అదా!" అన్నాడు రెడ్డెప్ప చాలా మామూలుగా. "మొగిలి ఘాటులో మా వెంకటేశులు చేసిన పని గదా అది. చక్రంలో పొగలొస్తే చెరువు నీళ్లు తెచ్చి పోసినాడంట. అమ్మకు చెయ్యి ఇరిగినాక భయపడి చెప్పినాడు. అందుకే గదప్పా బండి అమ్మేసింది."

లోపల ఎవరో వడ్లు దంచుతున్న చప్పుడు వినిపించింది.

"అంటే మీకు అప్పుడే తెలుసా?" అన్నాను.

"నెలలోపే తెల్సు."

"ఇతనికి ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పి ఏం జేసేది? మా అమ్మ మంచంలో ఉండె. చిన్నకొడుకు వల్ల చెయ్యి ఇరిగిందని చెప్పేదా ఆమెకు? ఇంట్లో కొట్లాట పెట్టుకునేదా?" మునస్వామి వైపు చూశాడు. "వీడు పనిమంతుడు. యాడన్నా బతుకుతాడనుకుంటిమి. బతకలేదా ఏమి?"

మునస్వామి అప్పుడు నోరు తెరిచాడు. "సామీ, నేను ఏమీ అడగను. మీ డ్రైవరు కాలు వణకలేదని ఒక తూరి మీ నోటితో అనండి."

"ఇప్పుడా మాట ఎవురికి కావాల రా?"

"నాకు సామీ."

రెడ్డెప్ప చిన్నగా నవ్వాడు. పసిపిల్లవాడు ఏదో మారాం చేస్తే నవ్వినట్టు. "పోరా పిచ్చోడా. కాఫీ తాగి పోండి" అంటూ లేచి, స్నానానికి నీళ్లు పెట్టారా అని లోపలికి కేకేస్తూ వెళ్లిపోయాడు. కాఫీ వచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, మునస్వామికి వాకిటి అరుగు మీద వేరే గ్లాసులో. అతడు తాగలేదు. నేను సగం తాగి వదిలేశాను. ఆ సగం ఎందుకు తాగానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

డ్రమ్మును అక్కడే మెట్టు మీద వదిలేసి వచ్చాడు.

తిరుగు దారిలో పలమనేరు దాటాక నేనే అన్నాను, లైసెన్సు మళ్లీ తీయిస్తాను, ఈ కారు నువ్వే నడుపు అని. నిజానికి నాకు మంచి డ్రైవరు అవసరం కూడా. రోడ్డు పక్కన ఆపి తాళంచెవులు ఇచ్చాను. అతడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మైలు దూరం చక్కగా, ఎక్కడా కుదుపు లేకుండా నడిపాడు. ఆపాడు. బ్రేకు ఇట్టే పట్టుకుంది. దిగి వచ్చి తాళంచెవులు నా చేతిలో పెట్టాడు.

"వద్దు సామీ."

"ఎందుకు? కాలికి ఏమీ లేదని తేలింది కదా!"

"కాలికి ఏమీ లేదు. అయినా ఆ సీట్లో కూసుంటే రోడ్డు మీద ధ్యాస ఉండల్ల. నాకు కాలి మీదే ఉండాది. అట్లాంటోని ఎనకాల మనుషులు కూసోగూడదు."

ఎంత బతిమాలినా వినలేదు.

ఓబులేసు షెడ్డులో అతనికి సామాన్లు కడిగే పని తప్పింది. బ్రేకులు చూసే పని ఇచ్చారు. బ్రేకు అదురుతోందని ఎవరొచ్చినా పక్క సీట్లో కూర్చుని పోయేవాడు. జబ్బు కనిపెట్టి చెప్పేవాడు. డ్రైవరును మాత్రం ఏమీ అననిచ్చేవాడు కాదు. ఓసారి ఒక ఓనరు తన డ్రైవరును అందరి ముందూ తిడుతుంటే స్పానరు కింద పడేసి, "ముందు బండిని ఇప్పి చూడు, ఆమీద మనిషిని తిడుదువు" అని గట్టిగా అరిచాడు. ఆ ఓనరు మళ్లీ షెడ్డుకు రాలేదు. ఓబులేసు కోప్పడ్డాడు. మునస్వామి మర్నాడు పనికి పోలేదు, ఆ తర్వాత మామూలుగానే పోయాడు.

తిమ్మక్కతో అతడు మునుపటిలా లేడు. ఆమె అన్నం పెడితే తినేవాడు, అడిగితే జవాబు చెప్పేవాడు. ఆమె ఒకసారి నా షాపుకు వచ్చి, మాత్రలు తీసుకుని, పోకుండా నిలబడింది. "సామీ, మీరన్నా ఆయప్పకు చెప్పండి. ఒక తూరి నన్ను తిట్టమనండి" అంది. నేను చెప్పాను. అతడు విన్నాడు. తిట్టలేదు.

ఎనభై ఎనిమిదిలో రెడ్డెప్ప పోయినట్టు కబురొచ్చింది. పోతావా అని అడిగాను. "యాల సామీ, ఎందుకు పోవాల?" అన్నాడు. చేతిలో ఉన్న బ్రేకు లైనింగు షూను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇంగా ఆరునెల్లు వస్తాది, మార్చేపని లేదు" అని దాన్ని ఎదురుగా నిలబడ్డ బండి ఓనరుకు అందించాడు.